కుండమూతికి పసుపుబట్ట

బావి గట్టున కూర్చుని దాహానికి నీళ్ళడిగిన ప్రభువుకు స్తోత్రం. ఎండిన నేలలో ఊట తెరిచేవాడికి, ఆ ఊటను మనమే పాడుచేసుకున్నా విసుక్కోకుండా మళ్ళీ దారి చూపేవాడికి స్తోత్రం. ఈ సంగతి నేను చేసిన పని కాదు, నా కళ్ళముందు ఆయన జరిగించిన పని. ఇన్నేళ్ళ తరవాత కూడా ఇది చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదవుతుంది. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. స్తుతించే నోటికి తాళం వేయడం నాకు చేతకాదు.

అది 1933వ సంవత్సరం. కోవిల్‌పట్టిలో కొత్తగా తెరిచిన హెల్త్ యూనిట్‌లో హెల్త్ విజిటర్‌గా చేరాను. హెల్త్ యూనిట్ అంటే ఆసుపత్రి కాదు. రోగం వచ్చినవాడు ఆసుపత్రికి నడిచి వస్తాడు. రోగం రాకముందే మేము ఇంటింటికీ నడిచి వెళ్ళాలి. ఆ నడిచేవాళ్ళలో ఆడవాళ్ళతో మాట్లాడే మనిషి హెల్త్ విజిటర్. అమెరికాలోని ఒక ధర్మనిధి ఒక డాక్టరునూ, సామాన్లనూ, కొన్నేళ్ళ ఖర్చునూ ఇచ్చింది. పనిచేసే మనుషులను జిల్లా బోర్డు ఇచ్చింది. ఆ గడువు తీరాక అమెరికావాళ్ళు వెళ్ళిపోతారు, పని మాత్రం జిల్లాలో నిలవాలి. మొదటి రోజే ఆ డాక్టరు దొర మమ్మల్ని వరసగా నిలబెట్టి, "నేను ఓడ ఎక్కిన మరునాడు కూడా మీరు పల్లెలో కనబడితేనే నేను ఇక్కడికి వచ్చినట్టు లెక్క" అన్నాడు. ఎండకు ఆయన మెడ ఎర్రగా కాలిపోయి ఉండేది. ఎప్పుడూ తొందరే, ఎప్పుడూ సంతోషమే.

మాది నెల్లూరు వైపు. నాన్నగారు మిషనులో ఉపదేశి. వాక్యం చదవడానికే నేను అక్షరాలు నేర్చుకున్నాను, ఆ అక్షరాలే నన్ను మద్రాసులో నర్సు చదువుదాకా తీసుకెళ్ళాయి. తమిళ దేశంలో ఉద్యోగం ఎందుకిచ్చారంటే, కోవిల్‌పట్టి చుట్టూ పల్లెల్లో నాయక్కర్లు చాలామంది, వాళ్ళ ఇంటిభాష తెలుగు. బయట తమిళమే మాట్లాడతారు, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. అక్షరం చదవనక్కరలేని తెలుగు అది, తాతల నోటినుంచి వచ్చింది. నేను నోరు తెరిచిన మొదటి రోజు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఏమ్మా, నీ తెలుగు శుమ్మా అచ్చువేసిన కాయితం మాదిరి ఉండాదే!" అంది ఒక అవ్వ. ఆమె పేరు కెంచమ్మ. శుమ్మా అంటే అక్కడ ఊరికే అని, మాట చివర దా తగిలిస్తే నొక్కి చెప్పడం. ఈ కథ ఆ అవ్వ ఇంట్లో జరిగింది.

ఆ పల్లె ఒట్టపిడారం వెళ్ళే దారిలో బస్సు దిగి, నల్లరేగడి చేల మధ్య నడిస్తే వస్తుంది. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా ఉన్నారు. అక్కడ ప్రతి ఎండాకాలం ఒక రోగం వచ్చేది. మనవైపు నారికురుపు అంటారు, డాక్టర్లు గినీవర్మ్ అంటారు. కాలిమీద పొక్కు లేస్తుంది. పొక్కు పగిలితే అందులోనుంచి దారం లాంటి పొడవాటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున మెల్లగా లాగాలి. తొందరపడి లాగితే లోపల తెగిపోతుంది, అప్పుడు కాలు మొత్తం చీముపట్టి మనిషి నెలల తరబడి మంచం దిగలేడు.

కెంచమ్మ కొడుకు గురుసామికి తెగిపోయింది. ఒకసారి కాదు, వరసగా రెండేళ్ళు. ఐప్పసి నెల, అంటే మన ఆశ్వయుజ కార్తీకాల వానలకు ఊరంతా పత్తి, సజ్జ చల్లుతుంటే అతను వాకిట్లో మంచం మీద పడుకుని అరక చప్పుళ్ళు వింటూ ఉండిపోయాడు. ఆ ఇంట్లో మగదిక్కు అతనొక్కడే. భార్య రామక్క గట్టిమనిషి, కలుపు తీస్తుంది, కోత కోస్తుంది, కానీ అరక పట్టే ఆచారం ఆడవాళ్ళకు లేదు. రెండేళ్ళు బీడుపడిన చేను చూసి దాయాదులు అప్పుడే గట్లు కొలవడం మొదలుపెట్టారు.

రామక్క అన్న పెరుమాళ్‌సామి విరుదునగర్‌లో పత్తిబేళ్ళ ప్రెస్సులో పనిచేస్తాడు. నేను రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు.

"ఇంక ఒక్క ఏడు చూస్తాను బావా," అంటున్నాడు గురుసామితో. "వచ్చే వానలకు నీవు అరక పడితే సరి. లేకుంటే నేనే బండి కట్టుకొని వస్తాను. చెల్లినీ నిన్నూ విరుదునగర్ తోడుకొని పోతాను. ప్రెస్సులో కూచుని చేసే పని ఉండాది."

"నన్నేమి చేస్తావు? ఎద్దుల సందున కట్టి తీసుకపోతావా?" అంది కెంచమ్మ.

"మీరూ రాండి అత్తా."

"జక్కమ్మ తల్లిని విడిచి నేను రాను. నా పీనుగు ఈడదా కాలాల."

జక్కమ్మ వాళ్ళ కులదేవత. రామక్క గడపలో కూర్చుని సజ్జలు చెరుగుతోంది. నేను లేచి వస్తుంటే వెంట వచ్చి, దారిలో ఒక్కమాట అడిగింది. "అక్కా, ఈ నారి రాకుండా చేసేకి మీ దొర దగ్గర ఏమైనా ఉండాదా? నిజము చెప్పు. మాకు ఒక్క ఏడుదా ఉండాది."

ఉంది! దేవునికి స్తోత్రం, ఉంది. మందు కాదు, సూదీ కాదు. ఆ ఊరి తాగునీళ్ళు మెట్లబావివి. ఆడవాళ్ళు మెట్లు దిగి, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి కుండ ముంచుతారు. నారికురుపు లేచినవాళ్ళు మంట చల్లారుతుందని అదే మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెడతారు. చల్లనీళ్ళు తగలగానే పురుగు తన పిల్లలను వేలకు వేలుగా నీళ్ళలో వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు మింగుతుంది. ఆ నీటిపురుగును మనిషి తాగుతాడు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ కాలిమీద పొక్కు. ఈ సైక్లాప్స్ నలకంత ఉంటుంది కాబట్టి మెత్తని బట్టలో వడకడితే బట్టమీదే ఆగిపోతుంది. అంతే! వడకట్టిన నీళ్ళు తాగినవాడికి వచ్చే ఏడు నారి రాదు.

ఇది దొర చెప్పగా విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంత పెద్ద బాధకు ఇంత చిన్న అడ్డమా! కానీ పల్లెలో చెబితే నమ్మాలి కదా. దొర మైక్రోస్కోపును పెట్టెలో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఆ ఊరికి తెచ్చాడు. కెంచమ్మ వాకిట్లో రోలు బోర్లించి దానిమీద నిలబెట్టాడు. రామక్క బావినుంచి చెంబుడు నీళ్ళు తెచ్చింది. ఒక చుక్క గాజుపలకమీద వేశాడు. దొర ఇంగ్లీషులో చెబుతాడు, నేను తెలుగులో చెబుతాను, ఆడవాళ్ళు వరస కట్టారు.

మొదట చూసిన రామక్క ఎగిరి వెనక్కి పడింది. "అయ్యయ్యో! ఉండాది, ఉండాది! కొట్టుకుంటా ఉండాది!"

"ఎట్ల ఉండాదే?"

"తేలు మాదిరి... లేదు, రొయ్య మాదిరి! తలమీద ఒకే కన్ను!"

నిజమే, దానికి ఒకే కన్ను. ఆ మధ్యాహ్నానికి ఊళ్ళో దానికి ఒంటికన్నమ్మ అని పేరు పడింది. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, చివరికి కాలికి కట్టుకట్టుకున్న మగవాళ్ళు కూడా కర్రపట్టుకుని వచ్చి చూశారు. కెంచమ్మ మాత్రం చాలాసేపు బెట్టు చేసింది. చివరికి అందరూ చూసి కదిలాక ఒక కన్ను మూసి, నోరు తెరిచి, వంగి చూసింది. లేచి బావివైపు ఉమ్మేసింది. "చండాలి! ఇన్ని ఏండ్లూ నిన్నుదా తాగినామా?"

దొర ఆనందం చూడాలి! టోపీ తీసి ఊపాడు. నేను మనసులో కీర్తన పాడుకున్నాను. నీళ్ళు బట్టలో వడకట్టి తాగండని చెప్పి వచ్చాం, పని అయిపోయిందనుకున్నాం.

ఎక్కడ అయింది? వారం తిరిగి వెళ్ళేసరికి ఒక్క ఇంట్లోనూ ఎవరూ వడకట్టడం లేదు.

కారణం విని నాకే సిగ్గేసింది. ఇది మాకు ముందే తట్టి ఉండాలి. వాళ్ళు తాగునీటి కుండను దేవుడి గదిలో దీపంలా చూస్తారు. కట్టుకున్న చీర ముక్క ఆ కుండమీద పడకూడదు, మైల. చాకలి ఉతికిన బట్ట అయినా అంతే. ఇంక నేను తాకిన బట్ట సంగతి చెప్పనక్కరలేదు. ఆ సీమలో క్రైస్తవులను వేదక్కారులు అంటారు. మా తాతలు వేదంలో చేరకముందు ఏ కులంవాళ్ళో కెంచమ్మ నా మొహం చూసే కనిపెట్టింది. నన్ను అరుగుమీద కూర్చోబెట్టేది, ప్రేమగానే మాట్లాడేది, కానీ నేను ఆ బావి మెట్టు దిగకూడదు, కుండ ముట్టకూడదు. చెంబు అందివ్వాలంటే నేలమీద పెట్టి జరిగేది.

దొరతో చెప్పాం. "అయితే ఎవరూ కట్టని, ఎవరూ ఉతకని కొత్తబట్ట ఇద్దాం" అన్నాడాయన. విరుదునగర్ దగ్గర నేతవాళ్ళ ఊరినుంచి మగ్గంమీదనుంచి దింపిన బట్ట తాను తెప్పించాం. నేతగాడి ఇంటినుంచి నేరుగా ఊరికి, మధ్యలో మా చేయి పడలేదు. కుండకో ముక్క. అందరూ ఒప్పుకున్నారు. మళ్ళీ కీర్తన పాడుకున్నాను.

ఆ బట్ట కుండకు కట్టి నీళ్ళు పోస్తే, పోసిన నీళ్ళు పోసినట్టే పైన నిలబడ్డాయి. మగ్గం బట్టకు గంజి దట్టంగా పెడతారు కదా! గంజి నానేకొద్దీ జిగురై కంతలు మూసేసింది. ఆడవాళ్ళు బావి దగ్గర నిలబడీ నిలబడీ విసిగి, బట్టలు విప్పి చూరుమీద పారేశారు.

"దొరబట్ట శానా మంచిది," అంది కెంచమ్మ నన్ను చూడగానే. "ఒంటికన్నమ్మనూ పట్టె, నీళ్ళనూ పట్టె! ఇంక ఎవురికీ నారి రాదు. తాగేకి నీళ్ళే లేదు కదా!"

వాకిలంతా నవ్వులు. మంచంమీద గురుసామి కూడా నవ్వాడు. రామక్క నవ్వలేదు. "గంజి పోయేకి ఉడకబెట్టనా అక్కా?" అని అడిగింది.

"ఉడకబెట్టితే అంటు," అంది కెంచమ్మ వెంటనే. "పొయ్యిమీద ఉడికింది తాగునీళ్ళ మీదనా? బాగుండాది నీ నాయం."

రామక్క చేట పక్కన పెట్టింది. అత్తగారివైపు తిరిగి, ఏదో వంట సంగతి అడుగుతున్నట్టు నెమ్మదిగా అడిగింది. "అత్తా, జక్కమ్మ తల్లి కొలుపుకు తొలికుండ నీళ్ళు మోస్తాము కదా. ఆ కుండమూతికి ఏమి బట్ట కడతాము?"

"పసుపుబట్ట."

"పసుపుబట్ట ఏడనుంచి వస్తుంది?"

"ఏడనుంచి వస్తుంది? మన చీర ఒకటి చించి..." కెంచమ్మ ఆగింది.

"కట్టిన చీరనేదా?"

"పాత చీరదా. అందుకేమి? పసుపునీళ్ళలో ముంచితే మైల ఏది? అంతా మడి అయిపోతుంది."

"అమ్మవారి కుండకే మైల లేదంటే, మన కుండకు ఏమిటికి వస్తుంది అత్తా?"

కెంచమ్మ నావైపు తిరిగింది. "చూసినావా వేదక్కార పిల్లా? ఇది విరుదునగర్ పొయ్యేకి లేదు, వకీలు మాదిరి కోర్టుకు పొయ్యేకి ఉండాది."

అంతే! ఆ సాయంత్రమే పాత నూలుచీర చించి, పసుపునీళ్ళలో ముంచి, నాలుగు మడతలు వేసి కుండకు కట్టారు. ఎన్నో ఏళ్ళు కట్టి ఉతికిన బట్టకు గంజి ఎక్కడుంటుంది? నీళ్ళు జరజరా దిగాయి. కిందికి దిగిన నీళ్ళను కోవిల్‌పట్టి తీసుకెళ్ళాను. దొర మైక్రోస్కోపులో చూశాడు, పలక మార్చి మళ్ళీ చూశాడు. మా మెడికల్ ఆఫీసరు చూశారు. ఒక్క ఒంటికన్నమ్మ లేదు! దొర నా చేయి పట్టుకుని నీటిపంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఊపేశాడు.

అందరూ సంతోషిస్తుంటే నా మనసులో ముల్లు దిగింది. పసుపుబట్ట అమ్మవారి కొలుపుది. నేను సజీవుడైన దేవుణ్ణి నమ్మినదాన్ని. ఇంటింటికీ తిరిగి పసుపుబట్ట కట్టండని చెప్పడం విగ్రహానికి సేవ చేసినట్టు కాదా? రెండు రోజులు ఉపవాసముండి ప్రార్థించాను. తేలక, కోవిల్‌పట్టి చర్చి పాదిరి అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముసలివారు, మాటలు తక్కువ.

"ఆ బట్ట ఎవరికి కడుతున్నారు అమ్మా? దేవతకా, కుండకా?"

"కుండకేనండి."

"కుండలో ఏమున్నాయి?"

"నీళ్ళండి."

"నీళ్ళు ఎవరు చేశారు?"

నేను జవాబు చెప్పకముందే నవ్వారు. "వెళ్ళు. ఆదివారం సంఘంలో ఆ ఊరికోసం ప్రార్థన పెడదాం."

సంఘమంతా ప్రార్థించింది. ఆ మరుసటి వారం నేను ఆ పల్లె దారిలో పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఇల్లిల్లూ తిరిగాను. కొన్ని ఇళ్ళు కట్టాయి, కొన్ని "చూద్దాము" అన్నాయి.

ఇంక రామక్క కాపలా మొదలైంది. గురుసామి కాలింకా మానలేదు, మంట ఆగక ఒక మధ్యాహ్నం కర్రపట్టుకుని బావికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. రామక్క మెట్టుకు అడ్డంగా కూర్చుంది.

"తప్పుకోవే. కాలుతుండాది."

"ఇంట్లో తొట్టిలో చల్లనీళ్ళు పోసి పెట్టినాను. ఆడ పెట్టు కాలు. ఆ నీళ్ళు కంచెలో పారబోస్తాను. ఈ బావిలో పెట్టాలంటే నన్ను తొక్కి దిగు."

"మా తాత దిగినాడు ఈ మెట్లు!"

"మీ తాత కాలు చూసినాను, కర్రమాదిరి ఎండిపోయింది."

గురుసామి గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు. తరవాత కాలికి నొప్పి తగ్గి చేలోకి వెళ్ళే రోజులు వచ్చాయి. చేలో దాహమేస్తే ఎవరి కుంటలోనో తాగేస్తాడని రామక్క నీళ్ళు పోసే సొరకాయ బుర్ర మూతికి కూడా పసుపుగుడ్డ కట్టింది. చేలో స్నేహితులు ఊరుకుంటారా?

"ఏమ్రా గురుసామీ, బుర్రకు తాళి కట్టినావా? రామక్కకు తెలుసునా ఈ పెండ్లి?"

"తెలుసును. ఆమెదా కట్టించింది," అనేవాడట. చెప్పి నవ్వేవాడు. అలా నవ్వుకుంటూనే మరికొన్ని బుర్రలకు తాళులు పడ్డాయి.

ఏడాది గడిచింది. మళ్ళీ ఎండలు ముదిరాయి. నారి లేచే కాలం. నేను ఆ ఊరు వెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలో అడుగుపెట్టకముందే రామక్క మొహం చూసేదాన్ని. ఏమీ లేదు. ఎండల చిత్తిరై నెల దాటింది, ఏమీ లేదు. ఆడి నెల, అంటే ఆషాఢపు గాలి వచ్చింది, ఏమీ లేదు. "చూద్దాము" అన్న ఇళ్ళలో మంచాలు వాకిట్లోకి వచ్చాయి, పసుపుబట్ట ఇళ్ళలో రాలేదు! గురుసామి వేసవి దుక్కి పూర్తిచేశాడు. వానమబ్బుకోసం ఎదురుచూస్తున్నారు.

సరిగ్గా అప్పుడు అతని చీలమండ మీద పొక్కు లేచింది.

కబురు అంది నేను వెళ్ళేసరికి పెరుమాళ్‌సామి బండి వాకిట్లో ఉంది. వాన రాకముందే చెల్లెలి ఇంటి సంగతి చూసిపోదామని వచ్చాడట. పొక్కు చూసి ఎద్దులను విప్పనేలేదు. గురుసామి అరుగుమీద కూర్చుని ఉన్నాడు, మొహం బూడిదలా ఉంది. పొక్కు అప్పటికే పగిలి ఉంది.

"నారిదా," అంది కెంచమ్మ. "ఇంకేమి ఉండాది? బట్ట కట్టితిమి, బావికి కాపలా కూచుంటిమి. తలరాతకు ఏమి బట్ట కడతావు?"

"సామాన్లు ఎత్తు రామక్కా," అన్నాడు అన్న.

రామక్క కదల్లేదు. నావైపే చూస్తోంది. "ప్రభువా, ఇప్పుడు కాదు," అనుకుంటూ మోకాళ్ళమీద కూర్చుని పొక్కు చూశాను. వాపు ఉంది, ఎరుపు ఉంది. చూస్తే చెప్పలేం. దానికి మా యూనిట్‌లో ఒక పరీక్ష ఉంది. పగిలిన పొక్కుమీద చల్లనీళ్ళు ధారగా పోయాలి. లోపల నారి ఉంటే, చల్లన తగలగానే పొక్కు నోటినుంచి పాలలాంటి తెల్లని చుక్క ఉబుకుతుంది. లేకపోతే రాదు.

"చల్లనీళ్ళు కావాలి," అన్నాను. "కుండలోవి. తొందరగా!"

కెంచమ్మ లోపలికి వెళ్ళి నిండు చెంబు తెచ్చింది. నేను అలవాటు ప్రకారం వెనక్కి జరిగాను, ఆమె నేలమీద పెట్టడానికి. ఆమె పెట్టలేదు. చెంబును నా చేతుల్లో పెట్టి, నా వేళ్ళమీద తన వేళ్ళు మూసి, "నీళ్ళు నీవే పొయ్యి," అంది.

పోశాను. సన్నగా, ఆపకుండా పోశాను. అందరి తలలూ ఆ కాలిమీదే వంగాయి. నీళ్ళు జారుతున్నాయి. తెల్లగా ఏమీ రాలేదు. ఇంకా పోశాను. రాలేదు! చెంబు ఖాళీ అయింది. కాస్త నొక్కి చూశాను. ఏదో గట్టిగా తగిలింది. చిమటాతో పట్టి లాగాను. నల్లగా, మొన తిరిగిన తుమ్మముల్లు! దుక్కి దున్నేటప్పుడు దిగి, లోపలే విరిగి, చీముపట్టిన ముల్లు!

"ముల్లు!" అని అరిచాను. ఉద్యోగంలో ఉన్న మనిషిని అని మరిచిపోయి అరిచాను. "ముల్లు, ముల్లు! హల్లెలూయా, ముల్లు!"

గురుసామి ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని బంగారం చూసినట్టు చూశాడు. రామక్క అరుగు దిగి, స్తంభం పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు.

కెంచమ్మ మాత్రం బండివైపు నడిచింది. ఎద్దు వీపుమీద తట్టి, "ఏమయ్యా పెరుమాళ్‌సామీ, బండి శుమ్మా పోకూడదు. కట్టింది కట్టినట్టే ఉండాది కదా, మా దిబ్బ ఎరువు చేనికి తోలేసి పో," అంది. విరుదునగర్ ప్రెస్సు పనివాడు పంచె ఎగగట్టి, పేడ ఎత్తుతూ, చెల్లెలిని తిడుతూ, నవ్వుతూ ఆ సాయంత్రమంతా ఎరువు తోలాడు.

తరవాత పనులన్నీ చకచకా జరిగాయి. జిల్లా బోర్డు ఏళ్ళ తరబడి అడిగినా ఒప్పుకోని బావి మార్పుకు ఆ ఊరే ముందుకు వచ్చింది. మెట్లు మూసి, చుట్టూ గోడకట్టి, గిలక పెట్టడాన్ని మేము డ్రా వెల్ అంటాం. ఇంక ఎవరి కాలూ నీళ్ళలో పడదు, చేదవేసి తోడుకోవడమే. సిమెంటు ధర్మనిధిది, మేస్త్రీ జిల్లా బోర్డు మనిషి, రాయి మోసింది ఊరివాళ్ళు. "చూద్దాము" అన్న ఇళ్ళవాళ్ళే అందరికన్నా ఎక్కువ మోశారు. ఒప్పందం ప్రకారం కొన్నేళ్ళకు దొర ఓడ ఎక్కాడు. మరునాడు మేము పల్లెలోనే ఉన్నాం. ఆ తరవాత కూడా ఉన్నాం.

నాకు ఆ ఇల్లు నేర్పింది ఇది. సముద్రం దాటి వచ్చిన సాయం పెద్దది, నేను దాన్ని తక్కువ చేయను. ఆ మైక్రోస్కోపు లేకుంటే ఒంటికన్నమ్మను ఎవరు చూసేవారు? కానీ ఆ సాయం గడపదాకా వచ్చి ఆగింది. గడప దాటించింది ఆ ఇంటి కోడలు, ఆ ఇంటి మడితోనే. అందుకని తరవాత నేను శిక్షణ ఇచ్చిన హెల్త్ విజిటర్లకు ఇదే చెప్పేదాన్ని. మీరు చెప్పేది చెప్పండి, తరవాత ఊరుకోండి. అత్తాకోడళ్ళు మాట్లాడుకోనివ్వండి. దేవుడు ఆ మాటల్లో కూడా పనిచేస్తాడు.

ఆ ఏడు ఐప్పసి వాన పడిన రోజు నేను గట్టుమీద నిలబడి చూశాను. గురుసామి రెండు కాళ్ళమీద నిలబడి అరక పట్టాడు. వెనకే రామక్క విత్తనం వేస్తూ నడిచింది. నల్లమట్టి తడివాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

చదివే తల్లులారా, అన్నలారా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, నీవు ఇచ్చిన నీళ్ళకు స్తోత్రం. దూరదేశంనుంచి సాయంగా వచ్చిన చేతులను, ఈ నేలమీదే ఉండి ఆ పని మోసే చేతులను దీవించు. ఎక్కడ ఏ ఇంట్లో విత్తనాల కాలానికి మంచంమీద మనిషి ఉన్నాడో ఆ ఇంటిని చూడు, అతన్ని లేపి నిలబెట్టు. మా చేతులకు నీళ్ళ చెంబు ఎవరు అందించినా, పోసే ధైర్యం మాకివ్వు. ఆమేన్.